మంచుకు తడిసిన పత్తి - కోత ఎవరి కూలిలో?

పత్తి ధర మాట వస్తే రైతు సంగతి చెబుతారు, మిల్లు సంగతి చెబుతారు. ఒడి గట్టుకొని చేలో నడుం వంచే ఆడకూలీ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. వరంగల్, ఆదిలాబాద్ రేగడి చేలల్లో పండే పత్తి కాయలోంచి కాంటా మీదికి వచ్చేది ఆమె వేళ్ళ మీదుగానే.

2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం లోపుంటేనే ఆ ధర. ఆపైన శాతానికి 81 రూపాయల చొప్పున కోత. 12 శాతం దాటితే సి.సి.ఐ. కొనదు, బండి వెనక్కి తిప్పుకోవలసిందే. ఆ బండి సక్కగా ఎక్కడికి పోతుందో మనకు తెలుసు - సేటు కాంటాకే.

ఇప్పుడు చేలోకి పోదాం. ఏరుడు కూలి కిలోల లెక్క. పొద్దున్నే దిగితే నాలుగు కిలోలు ఎక్కువ పడతయి, కానీ పత్తి మంచుకు తడిసి ఉంటది. "ఎండెక్కినాక రండమ్మా" అంటాడు రైతు. "అందాక గట్టు మీద కూసుంటే మా కిలోలు ఎవరిస్తరు?" అంటారు కూలీలు. ఈ తగాదా ఎన్నిసార్లు తీర్చానో లెక్కలేదు. ఇద్దరిదీ న్యాయమే. తేమ నిబంధన రాసినవాడు మాత్రం ఆ గట్టు మీద లేడు. రెండెకరాల రైతునూ కూలీనీ కొట్లాటకు దించి తాను పక్కకు తప్పుకున్నాడు.

2025 అక్టోబరు చివర మొంథా తుపాను వరంగల్ ప్రాంతాన్ని ముంచెత్తింది. చేలో పత్తి చేలోనే నానింది. తడిసిన పత్తిని ఆరబెట్టే జాగా ఏదీ? సిమెంటు రోడ్డే చిన్నరైతుకు కల్లం. అదే ఏడు ఆగస్టులో కేంద్రం విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబరు ఆఖరు దాకా అన్నది, తర్వాత డిసెంబరు ఆఖరు దాకా పొడిగించింది. సరిగ్గా మన పంట మార్కెట్టుకొచ్చే నెలలవి! మిల్లు యజమానులు అడిగిందే తడవు సుంకం పోయింది. మన తేమ శాతం మాత్రం కదలలేదు.

కౌలురైతు గతి మరీ అధ్వాన్నం. పట్టా పేరు దొరది, అప్పు పేరు ఇతనిది. కాగితం లేనివాడికి కొనుగోలు కేంద్రం వరసలో నిలబడటమే గగనం. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ, 1997-98లో వరంగల్‌లో లద్దెపురుగు పంటను తిన్నప్పుడు ప్రాణాలు తీసుకున్నవారిలో ఇలాంటి కౌలుదార్లెందరో.

మద్దతు ధర లెక్క కూడా చూడండి. మధ్యరకం పత్తికి ఖర్చు 5,140 అని వేసి, సగం కలిపి 7,710 అన్నారు. ఆ ఖర్చులో సొంత భూమికి కౌలు విలువ లేదు, సొంత పెట్టుబడికి వడ్డీ లేదు. సమగ్ర ఖర్చు లెక్కను పక్కనబెట్టారు.

కాబట్టి మన సంఘాలు ధర ఒక్కటే అడిగి ఊరుకుంటే చాలదు. తుపాను ఏట తేమ నిబంధన సడలించాలి. ఊరూరా ఆరబెట్టే కల్లాలు కట్టాలి. పట్టాతో పనిలేకుండా సాగుదారు పేరనే పత్తి కొనాలి. ఏరుడుకు కిలోల లెక్క తీసేసి రోజుకూలి కట్టాలి, అది గిట్టేటట్టు ధర పెంచాలి. ఈ చివరి మాట రైతు సభల్లో ఎత్తితే కొందరు ముఖం మాడ్చుకుంటారు. అయినా ఎత్తాలి, ఆ సభకు ఏరేవాళ్ళను కూడా పిలిచి ఎత్తాలి.