రాత్రిసంతలో భోజనము

"వీధిలో అమ్ముదానిని నోటఁ బెట్టకుము" అని ఇంటను బడిలోను వినుచుఁ బెరిగినవారము మేము. థాయిలాండు దేశమున చియాంగ్ మై పట్టణపు ఆదివారపు రాత్రిసంతకుఁ బోయిననాఁడును ఆ మాటయే మా చెవులలో మ్రోగుచుండెను. థా ఫే ద్వారము మొదలు రాచదమ్నోన్ వీధి పొడవునను సంతయే. తినుబండారముల అంగడులు పెక్కు బౌద్ధాలయముల ముంగిళ్లలోనే యుండును. అచట నొక ముదుసలి మట్టిరోట మిరపకాయలు, వెల్లుల్లి, పచ్చిబొప్పాయి తురుము, వేరుసెనగపప్పు వేసి కొయ్యరోకటితో దంచి, నిమ్మరసమును, తాటిబెల్లమును, చేపల ఉప్పురసమును గలిపి మా చేతికిచ్చెను. దీనిని సోమ్ తమ్ అందురు. మన రోటిపచ్చడికిఁ బినతల్లి బిడ్డయే! కన్నుల నీరు గాఱినను మేము విడువలేదు.

ఆ దంపుట, కలుపుట అంతయు మా యెదుటనే జరిగెను. హోటలు వంటయింటి తలుపు వెనుక నేమి జరుగునో యెవ్వరు చూచిరి? ఈఁగలు వ్రాలినదానిని, చల్లారినదానిని, తెలియని నీటిని విడువవలసినదే. ఊరవేసిన పచ్చిపీతలు చేర్చిన సోమ్ తమ్ మేమును ముట్టలేదు. కాని వీధిలోనిదైనంతమాత్రమున దోషమనుట అన్యాయము.

2017లో బ్యాంకాకు నగరాధికారులు పెద్దవీధులనుండి బండ్లను తొలఁగింతుమనిరి. ఆ యేడు డిసెంబరులోనే అదే నగరమున, పీతమాంసము నించి గ్రుడ్డట్టు వేయు చిన్న అంగడి యజమానురాలు జే ఫాయికి మిషెలిన్ నక్షత్రము వచ్చెను. పెద్దలు మెచ్చినప్పుడే వీధివంట వంట యగునా? బండి తొలఁగినచో, పగలెల్ల కూలిచేసి రాత్రి నాలుగు ముద్దలు తినువాఁ డెచటికిఁ బోవలెను? బాటసారుల త్రోవకై బండ్లను కొంత జరుపుట సబబే. మంచినీటి కొళాయియుఁ జెత్తతొట్టియు నిచ్చి, నిలువవలసిన చోట గీఁత గీసి చూపినఁ జాలును.