ఎడారిలో టార్గెట్ షూటింగ్: నేల ఎవరిదో, మీ వీసా ఏమిటో చూశారా?

అమెరికాలోని అరిజోనాలో ఫీనిక్స్ దాటితే కనుచూపు మేరా ఖాళీ ఎడారే. అలాగని ఎక్కడ పడితే అక్కడ సరదాగా తుపాకీ ప్రాక్టీస్ చేస్తే చిక్కుల్లో పడతారు. అక్కడ ఉంటున్న తెలుగువారు ముందుగా తెలుసుకోవాల్సినవివే.

ఎక్కడ కాల్చవచ్చు?
కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ భూముల్లో, షూటింగ్‌కు మూసేసిన చోట్లు తప్ప, సాధారణంగా అనుమతి ఉంటుంది. టోంటో నేషనల్ ఫారెస్ట్‌లోనూ కాల్చవచ్చు. కానీ ఇళ్లకు, క్యాంప్‌సైట్లకు 150 గజాల లోపు, రోడ్డు మీదుగా కాల్చకూడదు.

ఎక్కడ కుదరదు?
చూడ్డానికి అదే ఎడారిలా ఉన్నా, స్టేట్ ట్రస్ట్ ల్యాండ్‌లో టార్గెట్ షూటింగ్ నిషేధం. రిక్రియేషన్ పర్మిట్ ఉన్నా చెల్లదు. ఇక నగర పరిధిలో నిర్లక్ష్యంగా తుపాకీ పేలిస్తే తీవ్ర నేరమే. 1999లో ఫీనిక్స్‌లో ఎక్కడి నుంచో వచ్చిన తూటాకు 14 ఏళ్ల బాలిక బలయ్యాక ఈ చట్టం తెచ్చారు. దాన్ని ఆమె పేరుతోనే ‘షానన్స్ లా’ అంటారు.

వీసాపై ఉన్నారా?
అసలు మెలిక ఇక్కడే. హెచ్‌-1బీ, ఎఫ్‌-1 వంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాలపై ఉన్నవారి చేతిలో తుపాకీ ఉండటమే కేంద్ర చట్టం ప్రకారం నేరం. అది స్నేహితుడిదైనా, రేంజ్‌లో అద్దెకు తీసుకున్నదైనా అంతే. శిక్ష గరిష్ఠంగా 15 ఏళ్ల జైలు. అమెరికాలో జారీ అయిన హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డుదారులకు ఈ నిషేధం వర్తించదు.

వెళ్లే ముందు..
ఆ భూమి ఎవరిదో మ్యాప్‌లో చూసుకోండి. వేసవిలో కార్చిచ్చు ఆంక్షలు ఉన్నాయేమో ఆరా తీయండి. తూటాను ఆపేంత ఎత్తైన మట్టిగట్టు ఎదురుగా ఉంటేనే కాల్చండి. గాజు సీసాలు, సగ్వారో కాక్టస్‌లు టార్గెట్లు కావు. ఖాళీ తొడుగులు ఏరుకుని రండి. కొత్తవారికైతే రాష్ట్ర గేమ్ అండ్ ఫిష్ విభాగం నడిపే బెన్ ఏవరీ రేంజ్ మేలు.