సౌరయంత్రముల హామీ

గుంటూరు, ప్రకాశము జిల్లాల కల్లములలో మిరపకాయల నెండబెట్టు సూర్యుడే నేడు మిద్దెలపై విద్యుత్తు నొసగుచున్నాడు. 2024 ఫిబ్రవరిలో నారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ గలదు. అమర్చిన సంస్థయే 5 ఏండ్లు నిర్వహణభారము వహింపవలెను. కాని ఇన్వర్టరు చెడినపుడు అమర్చినవారు తయారీదారును, తయారీదారు అమర్చినవారిని చూపుచుండిన గృహస్థునకు దిక్కెవ్వరు? బ్యాంకు వాయిదాయు, కరెంటు బిల్లును ఏకముగ గడప త్రొక్కును.

చెడిన యంత్రమును మార్చుట దయ కాదు, సొమ్మిచ్చి కొన్న హక్కు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము కొన్నవాడు తన నివాసస్థలమునందలి జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. కావున రసీదును, యంత్రపు క్రమసంఖ్యను, హామీపత్రమును భద్రపరచుకొనుడని పాఠకులకు మా మనవి. అమర్చిన యంత్రముల లెక్కతోపాటు, చెడినవి యెన్ని దినములలో మార్చబడెనో ప్రకటింపవలెననియు, మార్పిడికి గడువు విధింపవలెననియు ప్రభుత్వమును మేము కోరుచున్నాము.