వండిన రీడింగులు

సైన్సు విద్యార్థులందరికీ తెలిసీ, ఏ సిలబస్‌లోనూ కనపడని విద్య ఒకటుంది. దాన్ని మనం 'కుకింగ్' అంటాం. ముందు జవాబు రాసుకుని, దానికి సరిపడా రీడింగులు వెనక్కి కట్టుకు రావడం. ఇది చదివి ఏ మేష్టారైనా ఆశ్చర్యపోతే, వారు తమ విద్యార్థి దశ మరిచిపోయారనుకోవాలి.

నేనూ వండాను. మొదటి ఏడు కాంపౌండ్ పెండ్యులంతో గురుత్వ త్వరణం కడితే 941 వచ్చింది. మూడుసార్లు చేసినా అంతే. సీనియర్ రికార్డు చూసి 980 రాసేశాను. మార్కులు పడ్డాయి. (మన ప్రాంతంలో అసలు విలువ సుమారు 978. అంటే దొంగతనం కూడా సరిగ్గా చెయ్యలేదన్నమాట!) నిరుడు ఒకరోజు ఊరికే ఆ స్టాప్‌వాచీని సెల్‌ఫోను పక్కన పెట్టి చూశాం. నిమిషానికి ఒక సెకను పైచిలుకు ముందుకు పోతోంది. ఆ లెక్కన 941 రావడమే న్యాయం. ఎన్ని బ్యాచీలు పట్టుకున్నాయో ఆ వాచీని! ఒక్కరు వచ్చింది వచ్చినట్టు రాసి గట్టిగా అడిగి ఉంటే అది ఆనాడే బాగుపడేది.

పెద్దవాళ్లేం తక్కువ తినలేదు. మిల్లికన్ 1913లో నూనె బొట్ల ప్రయోగం ప్రచురిస్తూ 58 బొట్ల లెక్క ఇచ్చి, ఇవి ఏరినవి కావు, వరసగా 60 రోజుల్లో చూసినవన్నీ ఇవేనన్నాడు. తర్వాత ఆయన నోటుబుక్కులు తిరగేస్తే బొట్లు నూరుకు పైగా ఉన్నాయి. వదిలేసినవి కలిపినా విలువ పెద్దగా మారదంటారు. సరే, మరి ఏరలేదని ఎందుకు రాయాలి? అసలు లోపం వేరే చోట ఉంది. ఆయన వాడిన గాలి స్నిగ్ధత విలువ తప్పు. అందువల్ల ఎలక్ట్రాన్ ఆవేశం కాస్త తగ్గింది. తరవాతి వాళ్ల జవాబులు సరైన చోటికి ఒక్కసారిగా రాలేదు, మెల్లమెల్లగా జరిగాయి. ఎక్కువ వచ్చినవాళ్లు తమ ప్రయోగంలోనే తప్పు వెదికారనీ, మిల్లికన్‌కి దగ్గరగా వచ్చినవాళ్లు అంతగా వెదకలేదనీ ఫైన్‌మన్ 1974లో కాల్‌టెక్ విద్యార్థులకు చెప్పాడు. మా వాచీ కథే కదా ఇది!

మాది వ్యవసాయం. కొత్త రకం వరి దిగుబడి ఎంతని అడిగితే, పల్లపు చెక్క లెక్క చెప్పి, ఎండిన మెరక చెక్క ఊసెత్తనివాళ్లుంటారు. అది నమ్మి పక్కవాడు అప్పు చేసి నాలుగెకరాలూ అదే వేస్తాడు. వదిలేసిన రీడింగు ఖరీదెంతో అక్కడ తెలుస్తుంది.

గురువులకు నా మనవి: రఫ్ నోటుబుక్కు మీద ఆ పూటే సంతకం పెట్టండి. కొట్టేసిన రీడింగు కనపడేలా ఒక్క గీతతోనే కొట్టించి, పక్కన కారణం రాయించండి. 941 తెచ్చినవాడు ఎందుకొచ్చిందో వెదికితే పూర్తి మార్కులివ్వండి. బయటి ఎగ్జామినరు ఒప్పుకోడంటారు, నిజమే. ఆ సంగతి ఆయనతో మాట్లాడవలసింది మీరే గాని మేం కాదు.

నా మొదటి ఏటి రికార్డు ఇంకా నా దగ్గరే ఉంది. మొన్న ఆ పేజీలో 980ని ఒక్క గీతతో కొట్టి పక్కన 941 వేశాను. మేష్టారి సంతకం పైన అది కాస్త వికారంగానే ఉంది.