తెలుగు పేజీకి ఇంగ్లీషు గొంతు

రేణిగుంట జంక్షన్‌లో రైళ్ల అనౌన్స్‌మెంట్లు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో వినిపిస్తాయి. ఆ తెలుగు వాక్యాన్ని తెలుగు రాని గొంతుకిచ్చి ‘ఎట్లో ఒకట్ల చదువప్పా’ అని వదిలేస్తే ఊరుకుంటామా? ప్లాట్‌ఫామ్ నంబరు అర్థం కాక స్టేషన్ మాస్టర్ రూము ముందు గొడవకు దిగుతాం. ఇంటర్నెట్‌లో చాలా తెలుగు పేజీలకు సరిగ్గా ఇదే గతి. గొడవ ఎందుకు లేదంటే, ఆ గొంతు వినాల్సొచ్చేది చూపులేని పాఠకులకే కాబట్టి.

సంగతి ఇది. ప్రతి వెబ్ పేజీ కోడ్ మొదట్లో ‘ఈ పేజీ ఫలానా భాషలో ఉంది’ అని చెప్పే చిన్న గుర్తు ఉండాలి. స్క్రీన్ రీడర్ దాన్ని బట్టే గొంతు ఎంచుకుంటుంది. గుర్తు ఇంగ్లీషు అని చెప్తే, తెలుగు కథని ఇంగ్లీషు గొంతుకి అప్పగిస్తుంది. ఆ గొంతు తెలుగు అక్షరాల దగ్గర మూగబోవచ్చు, లేదా నోటికొచ్చింది కూయొచ్చు. తెలుగు గొంతు లేక కాదు. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా ప్రోగ్రామర్లు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితం, ఓపెన్ సోర్స్. దాంతోపాటే వచ్చే ఈస్పీక్‌కి తెలుగు వచ్చు. పిలిస్తే కదా పలికేది!

మరి తెలుగు పేజీ మీద ఇంగ్లీషు అని రాసిందెవరు? ఫ్రేమ్‌వర్కే. నెక్స్ట్ జేఎస్‌తో గానీ, వీట్‌తో గానీ కొత్త ప్రాజెక్టు మొదలుపెడితే, చేతికొచ్చే తొలి ఫైళ్లలోనే భాష ఇంగ్లీషు అని రాసి ఉంటుంది. డెవలపర్ దాని జోలికి పోడు. సైటు అట్లాగే జనంలోకి వెళ్తుంది.

‘మార్చుకోవాల్సింది డెవలపరే, ఫ్రేమ్‌వర్క్ ఏం చేస్తుంది?’ అంటారు. నేనొప్పుకోను. ఆ గుర్తు ఖాళీగా ఉంటే తనిఖీ టూల్స్ పట్టుకుంటాయి. వెబ్‌ఎయిమ్ 2024లో 10 లక్షల హోమ్ పేజీలను పరీక్షిస్తే 95.9 శాతం పేజీల్లో యాక్సెసిబిలిటీ తప్పులు దొరికాయి. తరచుగా కనిపించిన ఆరు రకాల తప్పుల్లో భాష గుర్తు లేకపోవడం ఒకటి. గుర్తుంటే మాత్రం టూల్ పచ్చ టిక్కు కొట్టేస్తుంది. అది నిజమా కాదా అన్నది దాని పని కాదు. అంటే గుర్తు లేని పేజీ పట్టుబడుతుంది, అబద్ధం చెప్పే పేజీ పాసవుతుంది. ఆ అబద్ధాన్ని ముందే రాసిచ్చేది ఫ్రేమ్‌వర్క్ కాబట్టి దీన్ని బగ్ అనే అనాలి.

సరిచేయడం కొండలు మోయడమా? టైప్‌స్క్రిప్ట్ కావాలా, టైల్‌విండ్ కావాలా అని ముందే అడిగే నెక్స్ట్ జేఎస్, ‘సైటు ఏ భాషలో?’ అని ఇంకో ప్రశ్న అడగలేదా? ఒక్క ప్రశ్నతో తెలుగుకే కాదు, తమిళానికీ అరబిక్‌కీ కూడా దారి సరవుతుంది.

ఈ మార్పు పంపే ఇంజనీర్లు మనకు లేరా? బోలెడు మంది. కానీ ఓపెన్ సోర్స్ అంటే మనోళ్లలో చాలామందికి రెజ్యూమెలో ఒక లైను. 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో టీషర్టు కోసం ప్రపంచమంతటి నుంచీ పనికిరాని మార్పులు వెల్లువెత్తితే, ఆ గోల భరించలేక నిర్వాహకులు నెల మొదట్లోనే రూల్సే మార్చారు. ఆ గుంపులో మన దేశపోళ్లు తక్కువేం లేరు. రీడ్‌మీలో కామా మార్చేవాడికి తన అమ్మ భాష పేరు మార్చాలని తట్టదు.

సాహిత్యం వాళ్లం మనమేం తక్కువ తిన్నాం? భాష చచ్చిపోతోందని సభలు పెడతాం. కవితని పోస్టర్ చేసి బొమ్మగా పెడతాం, కింద ఒక్క ముక్క వివరం రాయం. స్క్రీన్ రీడర్‌కి అది ‘ఇమేజ్’, అంతే. డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. కవిత చదువుకోవడం ఆ జీవితంలో భాగం కాదా?

మీ బ్లాగు, మీ పత్రిక, మీరు పనిచేసే కంపెనీ తెలుగు సైటు: ఈ రాత్రే పేజీ సోర్స్ తెరిచి మొదటి లైన్లు చూడండి. ఇంగ్లీషు అని ఉంటే మార్చండి. తర్వాత ఆ ఫ్రేమ్‌వర్క్ వాళ్లకి ఇష్యూ రాయండి, కోడ్ వచ్చినోళ్లు ప్యాచ్ పంపండి. టీషర్టు రాదు. ఎవరో ఒక పాఠకురాలికి మీ కథ తెలుగులో వినబడుతుంది.