నర్సుకు అంత మందుల చదువెందుకు అనేటోళ్లకు

మా ఇంటామె ఇక్కడ నేపర్‌విల్‌లో రాత్రి డ్యూటీ చేసుకుంట నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చదువుతున్నది. ఈ సెమిస్టర్‌లో అడ్వాన్స్‌డ్ ఫార్మకాలజీ. "సూది వేసేటామెకు ఇంకా చదువేంది" అని మనోళ్లే అంటున్నరు. నేను పదో తరగతి చదివి సైట్ మీద సూపర్‌వైజర్ పని చేసేటోన్ని. అయినా దీని మీద గట్టిగనే చెప్తా.

నర్స్ ప్రాక్టీషనర్ అంటే ఎవరో రాసిన మందు ఇచ్చుడు కాదు, తనే మందు రాసుడు. ఇల్లినాయ్‌లో 2018 నుంచి చట్టం మారింది. 4,000 గంటల పని, 250 గంటల అదనపు శిక్షణ పూర్తయితే డాక్టరుతో ఒప్పంద పత్రం లేకున్నా చాలా మటుకు సొంతంగ వైద్యం చేయొచ్చు. అసొంటామె మందుల చదువు అరకొరగ చదివితే నష్టపోయేది ఎవరు? మందు ఒంట్ల ఎట్ల కలుస్తది, లివర్ దాన్ని ఏం చేస్తది, కిడ్నీ ఎట్ల బయటికి పంపుతది, ముసలోళ్లకు ఎంత, కడుపుతో ఉన్నామెకు ఇయ్యొచ్చా లేదా, ఇదంతా లెక్క. బట్టీ పడితే వచ్చేది కాదు.

మనకు పనికొచ్చే ముచ్చట ఇందులనే ఉన్నది. ఊరి నుంచి తెచ్చుకున్న డోలో 650, ఇక్కడి టైలెనాల్ రెండూ ఒకటే మందు. అక్కడ పారాసిటమాల్ అంటరు, ఇక్కడ అసిటమినోఫెన్ అంటరు, అంతే. జలుబు మందులల్ల కూడ చాలా వాటిల అదే ఉంటది. అన్నీ కలిపి మింగితే పెద్దోళ్లకు రోజుకు 4,000 మిల్లీగ్రాముల హద్దు ఎప్పుడు దాటిందో తెల్వది, లివర్ పోతది. రోజూ తాగే అలవాటున్నోళ్లకు ఇంక ముప్పు.

గల్ఫ్‌ల ఉన్న తమ్ముళ్లు ఇది మాత్రం చదవాలె. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ ఉంటది. నడుం నొప్పికి దాన్ని చాక్లెట్ లెక్క మింగేటోళ్లను నేను సైట్ల మీద చూస్తనే ఉన్న. ఎండల చెమట పట్టి, నీళ్లు తక్కువ తాగి, బీపీ గోలీల మీద ఇది వేసుకుంటే కిడ్నీకి రక్తం తగ్గుతది. కొన్ని బీపీ గోలీలతోటి, ఒంట్లె నీరు తీసే గోలీ కూడ ఉంటే మరీ ప్రమాదం. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మింగేటివన్నీ, ఊరి గోలీలతో సహా, ఫోటో తీసి చూపియ్యుండ్రి. దాచుకునుడు బంద్ చెయ్యుండ్రి.

ఫీజు ఎక్కువన్న మాట నిజమే, నా జీతం పక్కన పెట్టి చూస్తే గుండె గుబేల్‌మంటది. రాత్రి డ్యూటీ, పగలు చదువు, నిద్ర ఉండదు. దాని మీద ఎవరన్న మాట్లాడితే వింట. కని నర్సు సంబంధం కావాలె, ఆమె పేరు మీద వీసా కావాలె, ఆమె పుస్తకం పడితే మాత్రం నామోషీ అంటే నేను ఒప్పుకోను. మగోడు గిన్నెలు తోమితే పోయే ఇజ్జత్ ఏమీ లేదు.

పరీక్షలు అయ్యేదాక మా ఇంట్ల వంట నాదే. సాయంత్రం పూట ఫోన్ ఎత్తకపోతే ఏమనుకోకుండ్రి.