ముందు నల్లాలో నీళ్లియ్యండి

ఆరోగ్య కేంద్రాలకు రంగులు వేస్తున్నారు, కొత్త బోర్డులు పెడుతున్నారు. వేయనివ్వండి. కానీ ఈ వారం దేవరకొండ వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో చూసింది మాత్రం మింగుడు పడటం లేదు. డ్రెస్సింగ్ గదిలో సింకు పైన గోడకు చేతులెలా కడుక్కోవాలో బొమ్మలేసిన పోస్టరు. కింద నల్లా తిప్పితే చుక్క రాలేదు. పక్కన నీలం డ్రమ్ము, అందులో తేలుతూ ప్లాస్టిక్ మగ్గు. ఒక ముసలాయన కాలి పుండు కట్టు విప్పిన నర్సు, అదే చేత్తో మగ్గు పట్టి ముంచింది. చేతుల మీద ఇన్ని నీళ్లు పోసుకుని, మగ్గు మళ్లీ డ్రమ్ములోనే వేసి, తర్వాతి మనిషిని పిలిచింది. "మోటరు కాలింది సార్. రాసి పంపినం. ఇంకా ఎవ్వరు రాలే" అంది. ఆమెను ఏమనగలం? పొద్దుటి నుంచి ఆ గదిలో ఆమె ఒక్కతే.

ఇంత చిన్న సంగతికి ఇంత రాద్ధాంతమా అనేవాళ్లు ఇబ్రహీంపట్నాన్ని తలుచుకోవాలి. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారం తిరక్కముందే నలుగురు చనిపోయారు. మిగతా 30 మందిని హైదరాబాద్‌లో నిమ్స్‌కు, అపోలోకు పరుగులు పెట్టించారు. పోయినవాళ్లలో మాడ్గుల మండలం ఆడబిడ్డలు ఉన్నారు. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా మాడ్గుల మన పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాదే. ఆపరేషన్‌లో సోకిన ఇన్ఫెక్షనే వాళ్ల ప్రాణం తీసిందని విచారణలో తేలింది.

ఈ ఆపరేషన్లలో వాడే లాప్రోస్కోపు అనే పరికరాన్ని ఒకరి కడుపులోంచి తీసి ఇంకొకరికి వాడే ముందు శుభ్రంగా కడిగి, గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు ఉంచాలి. అందుకే ఒక బృందం దగ్గర మూడు లాప్రోస్కోపులు ఉండాలని, ఒక్కోదానితో పదికి మించి చేయొద్దని, రోజు మొత్తంలో 30 దాటొద్దని కేంద్రం నిబంధన పెట్టింది. ఒకే పరికరంతో 34 మందికి చేయాలంటే, నానబెట్టడానికే 11 గంటలు పడుతుంది. పొద్దున పిలిచి సాయంత్రానికల్లా ఇంటికి పంపేసే క్యాంపులో మొట్టమొదట కోతపడేది ఆ 20 నిమిషాలే.

ఇబ్రహీంపట్నంలో ఇది తెలియక జరిగిందని ఎవరూ చెప్పలేరు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా క్యాంపుల్లో 13 మంది చనిపోయారు. అక్కడ ఒక్క క్యాంపులోనే 83 మందికి కోశారు. దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరు 14న తీర్పు చెబుతూ, ఈ క్యాంపుల పద్ధతిని మూడేళ్లలో మాన్పించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ గడువు 2019లోనే తీరింది. తీరిన మూడేళ్లకు ఇబ్రహీంపట్నం.

ఆస్పత్రికి స్కానింగ్ మిషన్ కన్నా ముందు నల్లా కావాలని ఎప్పుడూ అనే మాటే మళ్లీ అంటున్నాను. ఆటోక్లేవ్‌కు నీళ్లు కావాలి, కరెంటు కావాలి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. బయట వరుసలో జనం ఉంటే ఎంతమంది పెడతారు? బ్లీచింగ్ కలపాలన్నా, పరికరం కడగాలన్నా, నేల తుడవాలన్నా నీళ్లే. మనదేమీ నీళ్ల సంగతి తెలియని ప్రాంతం కాదు. ఫ్లోరైడ్ నీళ్లను శుద్ధి చేసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నీరీ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన ఆ 'నల్లగొండ టెక్నిక్' ఆఫ్రికా దాకా పోయింది. తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్ మన చౌటుప్పల్‌లోనే ఉంది. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఇన్ని వచ్చిన చోట నర్సు చేతికి ధారగా నీళ్లు రావా?

ఇంకొకటి కూడా అడగాలి. ఆ ఆపరేషన్ బల్లల మీద ఎప్పుడూ ఆడవాళ్లే ఎందుకు పడుకోవాలి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో పెళ్లయిన జంటల్లో ఆడవాళ్లకు చేసే ట్యూబెక్టమీ మీద ఆధారపడ్డవాళ్లు 37.9 శాతం, వేసెక్టమీ మీద ఆధారపడ్డవాళ్లు 0.3 శాతం. మగవాళ్లకు చేసే కోత, కుట్టు లేని వేసెక్టమీలో కడుపు తెరవరు, పూర్తి మత్తు ఇవ్వరు. నిమిషాల్లో అయిపోతుంది, రెండు రోజులు విశ్రాంతి చాలు. మూడు నెలల పాటు వేరే జాగ్రత్త తీసుకుని, ఆ తర్వాత పరీక్ష చేయించుకోవాలి, అంతే. అయినా "బస్తా ఎత్తలేను, బలం పోతది" అంటారు. కడుపు మీద కుట్లు ఆరకముందే పత్తి ఏరడానికి పోయే భార్య బలం గురించి మాత్రం ఎవరూ అడగరు. బలం పోతుందన్న ఆ మగవాళ్ల భయానికి వైద్యశాస్త్రంలో ఏ ఆధారమూ లేదు. మగతనం తగ్గదు, బలమూ తగ్గదు.

ఇక పిల్లలు చాలనుకున్న అన్నదమ్ములారా, ఈసారి ఇంట్లో ఆమెను పంపకండి. ఆశా కార్యకర్తను మీరే అడగండి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేస్తారు. మీరే వెళ్లి చేయించుకోండి.